‘పర్సన్’ అంటే ఎవరు? బొర్రా కొండల మీద ఒక ఇంగ్లిష్ మాట కథ



ఈ పోస్టు కాస్త పెద్దది. సిగ్నల్ ఉన్న చోట కూర్చుని నిదానంగా చదవండి. ఒకేసారి కుదరకపోతే సగం ఇవాళ, సగం రేపు చదవండి. కానీ పూర్తిగా చదవండి, ఎందుకంటే ఇది మన భూమి సంగతి. ఆ భూమి సంగతి మొత్తం ఒక చిన్న ఇంగ్లిష్ మాట మీద ఆగింది. ఆ మాట ‘పర్సన్’.

పర్సన్ అంటే ఏమిటని మన బొర్రాలో ఏ పిల్లవాడిని అడిగినా చెప్తాడు. గుహల దగ్గర జీపు వాళ్లు ‘పర్ పర్సన్ ఇంత’ అంటారు. టెంట్ల దగ్గర బోర్డు మీద ‘పర్ పర్సన్’ అని రాసి ఉంటుంది. కాలేజీ ఫారంలో ‘పర్సనల్ డీటెయిల్స్’ అని ఒక గడి, ‘కాంటాక్ట్ పర్సన్’ అని ఇంకో గడి. మున్సిపాలిటీకి ఛైర్‌పర్సన్, షాపులో సేల్స్ పర్సన్, పోలీస్ స్టేషన్ గోడ మీద మిస్సింగ్ పర్సన్. ఎవరైనా మంచోడైతే ‘గుడ్ పర్సన్’. ఎవరి విషయంలోనైనా వేలు పెడితే ‘అది నా పర్సనల్’. ఒకే మాట, ఇన్ని పనులు. అన్నిచోట్లా ‘మనిషి’ అని అర్థం చేసుకుని ముందుకు పోతాం.

ఇంగ్లిష్ గ్రామర్‌లో ఇంకో పర్సన్ ఉంది. ఫస్ట్ పర్సన్ అంటే నేను, సెకండ్ పర్సన్ అంటే నువ్వు, థర్డ్ పర్సన్ అంటే అక్కడ లేనివాడు. తెలుగు వ్యాకరణంలో ఇది తలకిందులుగా ఉంటుంది. నేను అనేది ఉత్తమ పురుష, నువ్వు అనేది మధ్యమ పురుష, వాడు, వాళ్లు అనేది ప్రథమ పురుష. అంటే ఇంగ్లిష్ వాళ్లకి మూడోవాడు మన వ్యాకరణంలో మొదటివాడు. ఇంకో సంగతి కూడా చూడండి. ఇంగ్లిష్‌లో ‘వి’ అనే ఒక్క మాటే ఉంది. మనకి ‘మేము’ వేరు, ‘మనం’ వేరు. వినేవాళ్లని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. ఈ పోస్టులో మేము అంటే హాస్టల్లో కూర్చుని ఈ తీర్పు కాగితాలు చదివిన మేము నలుగురం. మనం అంటే ఈ గ్రూపులో ఉన్న అందరం.

ఈ గ్రామర్ అంతా ఎందుకంటే, ఎవరిని లెక్కలోకి తీసుకుంటాం, ఎవరిని తీసుకోం అన్నది భాషలోనే దాగి ఉంటుంది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో మగవాళ్లకి, దేవుళ్లకి చెప్పే మాటలు మహత్తులు. పశువులు, వస్తువులు అమహత్తులు. ఆడవాళ్లకి మధ్యలో వేరే పేరు. అందుకే ఇప్పటికీ ‘అన్న వచ్చాడు’ అంటాం గానీ, ‘అక్క వచ్చింది’, ‘ఆవు వచ్చింది’ అని ఇద్దరికీ ఒకే క్రియ వాడుతున్నాం. అదే నలుగురు అక్కలైతే ‘వచ్చారు’ అంటాం. రోజూ మాట్లాడే మాటలో ఇంత లెక్క ఉంటే, చట్టంలో రాసిన మాటలో ఎంత ఉంటుందో ఆలోచించండి.

పర్సన్ అంటే మొదట ముఖం

ఈ మాట లాటిన్ భాషలోని ‘పెర్సోనా’ నుంచి వచ్చింది. పెర్సోనా అంటే నాటకంలో వేషగాడు తగిలించుకునే ముఖం. తర్వాత ఆ వేషానికే ఆ పేరు వచ్చింది. తర్వాత కోర్టులో, సమాజంలో ఒకడికి ఉండే స్థానానికి వచ్చింది. ఆ తర్వాతే మామూలు మనిషి అనే అర్థం బలపడింది.

అందుకే చట్టంలో పర్సన్ వేరు, ఒంట్లో రక్తం ఉన్న మనిషి వేరు. చట్టం ఎవరికి ఆ ముఖం తగిలిస్తే వాళ్లు పర్సన్. కొందరు మనుషులకి ఆ ముఖం చాలా కాలం ఇవ్వలేదు. మనుషులు కాని కొన్నిటికి తొందరగానే ఇచ్చేశారు.

అమెరికాలో పోంకా అనే ఆదివాసీ తెగ ఉంది. 1877లో ప్రభుత్వం వాళ్లని సొంత నేల నుంచి లేపి దూరంగా దక్షిణాన పడేసింది. అక్కడ జబ్బులతో చాలామంది చనిపోయారు. వాళ్ల పెద్ద స్టాండింగ్ బేర్ కొడుకు కూడా పోయాడు. కొడుకుని తాతల నేలలోనే పాతిపెట్టాలని తండ్రి శవాన్ని తీసుకుని, ముప్పై మంది దాకా తోడు రాగా, చలికాలంలో నడక మొదలుపెట్టాడు. సైన్యం ఆపి నిర్బంధించింది. కేసు కోర్టుకి వెళ్తే ప్రభుత్వ లాయరు వాదన ఏంటో తెలుసా? ఇండియన్ చట్టం దృష్టిలో పర్సన్ కాడు, కాబట్టి కోర్టుకి వచ్చే హక్కే అతనికి లేదని. 1879 మే నెలలో జడ్జి ఎల్మర్ డండీ ఆ వాదన ఒప్పుకోలేదు. ఇండియన్ కూడా చట్టం చెప్పే ‘పర్సన్’ అని తీర్పు ఇచ్చి, వాళ్లని వదిలిపెట్టమన్నాడు. ఒక ఆదివాసీ తండ్రి తాను పర్సన్ అని కోర్టులో తేల్చుకుంటే తప్ప కొడుకు ఎముకలు ఇంటికి చేరే దారి దొరకలేదు.

సరిగ్గా ఏడేళ్లకి, 1886లో, అదే దేశంలో శాంటా క్లారా కేసు వచ్చింది. అందులో రైల్వే కంపెనీని కూడా రాజ్యాంగం చెప్పే ‘పర్సన్’ కిందే లెక్క వేశారు. కంపెనీకి ఆకలి లేదు, చావు లేదు, పాతిపెట్టుకోవడానికి కొడుకూ లేడు. అయినా అది పర్సన్ అయింది.

మన దేశం సంగతి చూద్దాం. రెజీనా గుహ అనే ఆమె లా చదివి లాయరుగా పేరు నమోదు చేసుకుంటానంటే, 1916లో కలకత్తా హైకోర్టు కుదరదంది. చట్టంలో రాసిన ‘పర్సన్’ మగవాళ్లకే వర్తిస్తుందని చెప్పింది. 1921లో పాట్నాలో సుధాంశుబాల హజ్రాకీ అదే జవాబు వచ్చింది. ఆడవాళ్లు లాయర్లు కావడానికి 1923లో వేరే చట్టమే చేయాల్సి వచ్చింది. కెనడాలో ఐదుగురు ఆడవాళ్లు ఇదే మాట మీద కొట్లాడారు. అక్కడి సుప్రీంకోర్టు 1928లో కాదంటే, 1929లో లండన్ ప్రివీ కౌన్సిల్ అవునంది. ఆ కేసుని ఇప్పటికీ ‘పర్సన్స్ కేసు’ అనే పిలుస్తారు.

మరి దేవుడు? గుడిలో విగ్రహం కూడా చట్టం దృష్టిలో పర్సనే. దాని పేరు మీద ఆస్తి ఉండొచ్చు, కేసు వేయొచ్చు. 1925లో ప్రివీ కౌన్సిల్ ఈ సంగతి గట్టిగా చెప్పింది. 2017లో న్యూజిలాండ్‌లో మావోరీల వాంగనుయి నదికి చట్టం చేసి మరీ ఆ హోదా ఇచ్చారు. అదే ఏడాది ఉత్తరాఖండ్ హైకోర్టు గంగ, యమునలని పర్సన్లు అంటే, కొన్ని నెలలకే సుప్రీంకోర్టు దాన్ని ఆపేసింది.

మన దేశంలో 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం ఒకటుంది. చట్టాల్లో వచ్చే మాటలకి అర్థం చెప్పే చట్టం అది. దాని ప్రకారం పర్సన్ అంటే కంపెనీ, సంఘం, మనుషుల గుంపు కూడా. కానీ అందులో ప్రభుత్వం పేరు లేదు. ఈ ఖాళీ గుర్తుపెట్టుకోండి. మన బొర్రా కథ ఇక్కడి నుంచే మొదలవుతుంది.

మన కొండల మీదికి ఈ మాట ఎలా వచ్చింది

మన ప్రాంతాన్ని ఏజెన్సీ అని ఎందుకు అంటారు? 1839లో గంజాం, విశాఖపట్నం కొండలకి బ్రిటిష్ వాళ్లు వేరే చట్టం చేశారు. మామూలు కోర్టులు ఇక్కడ పనిచేయవన్నారు. కలెక్టరే గవర్నర్‌కి ఏజెంట్. ఏజెంట్ ఏలిన చోటు ఏజెన్సీ. గ్యాస్ ఏజెన్సీ, ట్రావెల్ ఏజెన్సీ మాటా, మన మాటా ఒకటే. దొర పోయాడు, ఏజెంట్ అనే పేరు మాత్రం మన భూమి కేసుల్లో ఇంకా కలెక్టర్ గారికి ఉంది.

1917లో ఏజెన్సీ భూముల బదిలీ మీద చట్టం వచ్చింది. కొండజాతి వాళ్లు తమ భూమిని మైదానం వాళ్లకి ఇస్తే, ఏజెంట్ అనుమతి లేకపోతే చెల్లదని దాని సారాంశం. 1959లో ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతాల భూ బదలాయింపు నిబంధన వచ్చింది. మనోళ్లు 1 ఆఫ్ 59 అంటారు కదా, అదే. రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కింద గవర్నర్‌కి ఉన్న అధికారంతో చేసింది. అందులో కూడా మాట ఇలాగే ఉండేది: షెడ్యూల్డు తెగ సభ్యుడు చేసే బదిలీ. అంటే గిరిజనుడు గిరిజనేతరుడికి అమ్మితేనే చట్టం అడ్డం వచ్చేది. అప్పటికే కొండ ఎక్కి భూములు పట్టిన వాళ్లు తమలో తాము అమ్ముకుంటే అడిగేవాడు లేడు.

శ్రీకాకుళం కొండల్లో గిరిజన పోరాటం నడిచిన రోజులవి. 1970లో ఆ నిబంధనని మార్చారు. దాన్నే 1 ఆఫ్ 70 అంటాం. ఆ మార్పులో అసలు కీలకం ఒక్క మాట. ‘షెడ్యూల్డు తెగ సభ్యుడు’ అని ఉన్న చోట ‘ఒక పర్సన్, అతను షెడ్యూల్డు తెగ వాడైనా కాకపోయినా’ అని పెట్టారు. ఏజెన్సీలో ఏ పర్సన్ అయినా స్థిరాస్తిని గిరిజనుడికి గానీ, పూర్తిగా గిరిజనులే ఉన్న సొసైటీకి గానీ తప్ప ఇంకెవరికీ బదిలీ చేయకూడదు, చేస్తే మొత్తానికే చెల్లదు. బదిలీ అంటే అమ్మకం ఒక్కటే అనుకోవద్దు. తాకట్టు, లీజు, దానం, మార్పిడి అన్నీ బదిలీలే. ఇంకో మాట కూడా చేర్చారు. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుడి చేతిలో ఉంటే, అది గిరిజనుడి నుంచి వచ్చిందనే ముందు అనుకోవాలి. కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే.

దీని మీద కోర్టుకి వెళ్తే, 1988లో రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు ఈ నిబంధన చెల్లుతుందని చెప్పింది. అంతవరకు బాగానే ఉంది. కానీ భూమిని లీజుకి ఇచ్చేది సర్కారే అయితే?

బొర్రా కేసు

మన బొర్రా రాయి సున్నపురాయి. చుట్టూ కాల్సైట్, మైకా ఉన్నాయి. అనంతగిరి మండలంలో బొర్రా రిజర్వు అడవి, దాన్ని ఆనుకుని 14 గ్రామాలు, అన్నీ షెడ్యూల్డు ప్రాంతంలోనివే. ఈ నేలలో ప్రభుత్వం గిరిజనేతరులకి, కంపెనీలకి గనుల లీజులు ఇచ్చింది. నిమ్మలపాడు లాంటి ఊళ్లలో తరతరాలుగా దున్నుకుంటున్న వాళ్లకి పట్టాల్లేవు. కాగితం మీద అది సర్కారు భూమి. సొంత పొలం అనుకున్న చోటే గని కూలీ అయ్యే పరిస్థితి వచ్చింది.

సమత అనే స్వచ్ఛంద సంస్థ, ఊళ్లవాళ్లతో కలిసి, 1993లో హైకోర్టుకి వెళ్లింది. 1995లో హైకోర్టు కేసు కొట్టేసింది. సర్కారు తన భూమిని లీజుకి ఇచ్చుకుంటే ఈ నిబంధన అడ్డం రాదని దాని అభిప్రాయం. సమత సుప్రీంకోర్టుకి వెళ్లింది. అక్కడ ముగ్గురు జడ్జీలు: కె.రామస్వామి, ఎస్.సఘీర్ అహ్మద్, జి.బి.పట్నాయక్.

వందల పేజీల ఆ తీర్పులో చాలా విషయాలు ఉన్నాయి. కానీ నడిమధ్యలో ఉన్న ప్రశ్న ఒక్కటే: 3వ సెక్షన్‌లో రాసిన ‘పర్సన్’లో ప్రభుత్వం ఉందా, లేదా?

సర్కారు పర్సన్ కాకపోతే నిబంధన దాన్ని కట్టేయదు. అప్పుడు అడవి, బంజరు, పట్టా లేని సాగు భూమి అంతా ఎవరికి కావాలంటే వాళ్లకి లీజుకి వెళ్లిపోతుంది. సర్కారు పర్సన్ అయితే, మైదానం షావుకారికి ఏ అడ్డం ఉందో సర్కారుకీ అదే అడ్డం.

1997 జూలై 11న తీర్పు వచ్చింది. రామస్వామి గారు ప్రధాన తీర్పు రాశారు, సఘీర్ అహ్మద్ గారు దానితో కలిశారు. ప్రభుత్వం ఆస్తి కలిగి ఉంటుంది, తన పేరున కేసు వేస్తుంది, దాని మీద కేసు వేయొచ్చు. కాబట్టి అది చట్టం దృష్టిలో పర్సనే. పైగా ఒక మాటకి అర్థం చెప్పేటప్పుడు ఆ చట్టం ఎందుకు పుట్టిందో చూడాలి. గిరిజనుల చేతిలో నేల మిగలాలని చేసిన నిబంధన ఇది. దాని నుంచి సర్కారుకి మినహాయింపు ఇస్తే ముందు తలుపు మూసి వెనక తలుపు తీసినట్టే. అందుకని గిరిజనేతరులకి ఇచ్చిన గనుల లీజులు చెల్లవన్నారు. గని తవ్వాలంటే గిరిజనులు గానీ, వాళ్ల సహకార సంఘాలు గానీ, ప్రభుత్వ సంస్థలు గానీ తవ్వాలి. అలా తవ్వినా నికర లాభంలో కనీసం 20 శాతం పక్కన పెట్టి ఆ ప్రాంతంలో నీళ్లు, బడి, వైద్యం, రోడ్ల లాంటి వాటికి ఖర్చు చేయాలి.

మూడో జడ్జి పట్నాయక్ గారు ఒప్పుకోలేదు. ఈ నిబంధనలో పర్సన్ అంటే ప్రభుత్వం రాదని వేరే తీర్పు రాశారు. ఆయన మాట తేలిగ్గా తీసేయదగ్గది కాదు. చట్టం రాసినవాళ్లు ప్రభుత్వాన్ని కలపాలనుకుంటే పేరు పెట్టి రాసేవాళ్లు కదా అన్న వాదనకి బలం ఉంది. 1897 చట్టంలో ఖాళీ ఉందని పైన చెప్పాం కదా, అదే ఇక్కడ తగిలింది. ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపు. ఒక్క జడ్జి అటు జరిగితే బొర్రా కొండల కథ వేరేలా ఉండేది.

తీర్పు తర్వాత

గెలిచాం అని అక్కడితో ఆగిపోతే సగమే చెప్పినట్టు. 2001 డిసెంబర్‌లో బాల్కో కేసు వచ్చింది. ఛత్తీస్‌గఢ్ కోర్బాలోని ప్రభుత్వ అల్యూమినియం కంపెనీలో 51 శాతం వాటా ప్రైవేటు వాళ్లకి అమ్మారు. అక్కడి భూమి కూడా గిరిజన ప్రాంతంలోదే కదా, సమత తీర్పు వర్తించాలి కదా అని వాదించారు. సుప్రీంకోర్టు అక్కడి భూమి చట్టం మాటలు వేరు అని చెప్పింది. సమత తీర్పు సరైనదేనా అన్న దాని మీద తమకి గట్టి సందేహాలున్నాయని కూడా రాసింది. అయినా తీర్పుని కొట్టేయలేదు. మన నిబంధనలో ఉన్న మాటలు మనల్ని కాపాడుతున్నాయి. పక్క రాష్ట్రంలో మాటలు వేరు, కాబట్టి రక్షణ వేరు.

ఇంకోటి, ప్రభుత్వ సంస్థ తవ్వొచ్చు అన్న తలుపు. అరకు, చింతపల్లి వైపు బాక్సైట్‌కి 2005 తర్వాత జరిగిన ఒప్పందాలు ఈ దారిలోనే నడిచాయి. రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వుతుంది, ప్రైవేటు ఫ్యాక్టరీ శుద్ధి చేస్తుంది. 2015లో జెర్రెల అడవి 1,212 హెక్టార్లు ఆ సంస్థకి ఇస్తూ జీవో 97 వచ్చింది. ఊళ్లన్నీ కదిలాయి. 2019లో అది రద్దయింది. కోర్టు తీర్పు ఒక గోడ అయితే, ఊరి గ్రామసభ ఇంకో గోడ. ఒడిశా నియమగిరిలో 2013లో 12 గ్రామసభలు పెడితే, పన్నెండూ తవ్వకం వద్దన్నాయి. అక్కడ డోంగ్రియా కోందులు ఒక్కొక్కరు లేచి నిలబడి చెప్పారు. ఆ రోజు పర్సన్ అనే మాటకి ఏ డిక్షనరీ అక్కరలేకపోయింది.

ఇప్పుడు మన ముందున్నది

1 ఆఫ్ 70 ఉండగా బయటివాళ్లు నేరుగా కొనలేరు, లీజుకి తీసుకోలేరు. అందుకని ఇప్పుడు మన పేరు అడుగుతున్నారు. రిసార్టుకి, టెంట్లకి, క్వారీకి పెట్టుబడి వాళ్లది, కాగితం మీద పేరు మనది. ‘నువ్వు సంతకం పెట్టు చాలు, నెలనెలా డబ్బులు వస్తాయి’ అంటారు. పెర్సోనా అంటే ముఖం అని పైన రాశాం కదా. బినామీ అంటే అదే పని. మన ముఖం వాళ్లు తగిలించుకుని లోపలికి వస్తారు. ఏదైనా కేసు అయితే కోర్టులో నిలబడే పర్సన్ మాత్రం మనమే.

దీని గురించి మేము హాస్టల్లో చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఇంట్లో ఫీజుకి, ఆసుపత్రికి డబ్బులు కావాల్సి వచ్చినప్పుడు సంతకం పెట్టిన వాళ్లని తిట్టడం మాకు ఇష్టం లేదు. మా ఇళ్లలోనూ అదే అవసరం ఉంది. కానీ మన తరంలో మొదటిసారి కాగితం చదవగలిగినవాళ్లం మనం. అమ్మానాన్నలు వేలిముద్ర వేసిన చోట ఏం రాసి ఉందో చదివి చెప్పగలం. ఆ పని మనమే చేయాలి.

మూడు పనులు చెప్తాం. ఒకటి, ఎవరైనా మీ ఇంటికి కాగితం తెస్తే అందులో ‘లీజు’, ‘అగ్రిమెంట్’, ‘పవర్ ఆఫ్ అటార్నీ’ లాంటి మాటలు ఉన్నాయేమో చూడండి. చదవకుండా సంతకం వద్దు. రెండు, భూమి పోయిన వాళ్లుంటే భూ బదలాయింపు కేసులు చూసే స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ దగ్గర అర్జీ పెట్టొచ్చని చెప్పండి. రుజువు భారం ఎవరి మీద ఉందో పైన రాశాం. మూడు, గ్రామసభ ఎప్పుడు పెడుతున్నారో కనుక్కుని వెళ్లి కూర్చోండి. 1996 పెసా చట్టం ప్రకారం చిన్న తరహా ఖనిజాల లీజుకి గ్రామసభ గానీ పంచాయతీ గానీ ముందు సిఫార్సు చేయాలి. మనం వెళ్లకపోతే మన బదులు ఎవరో చేయి ఎత్తుతారు.

చివరిగా ఒక సంగతి. జార్ఖండ్‌లో హో అనే తెగ ఉంది. వాళ్ల భాషలో హో అంటే మనిషి అనే. సంతాలీలు తమని తాము ‘హోడ్’ అంటారు, దానికీ మనిషి అనే అర్థం. గోండులు, కోయలు తమని చెప్పుకునే ‘కోయితూర్’ అన్న మాట కూడా అలాంటిదే. ఏ కోర్టూ చెప్పకముందే, ఏ దొరా ముఖం తగిలించకముందే, మనవాళ్లు తమ పేరే మనిషి అని పెట్టుకున్నారు. మీ ఇంటి భాషలో, కువిలో, గుతోబులో, ఆదివాసీ ఒడియాలో, మనిషిని ఏమంటారో కింద రాయండి. అవ్వని, తాతని అడిగి మరీ రాయండి. అన్నీ కలిపి ఒక పట్టిక చేసి గ్రూపులో పెడతాం.

జై ఆదివాసీ.